అతుకు దొరకని జానెడు నేత

నా చిన్నప్పుడు మా ఇంట్లో రైల్వే ప్లాట్‌ఫారమంత మగ్గం ఉండేది. కాశిబుగ్గ మొత్తంలో అంత మగ్గం ఇంకొకటి లేదనీ, దాన్ని చూడటానికి డోర్నకల్ నుంచి జనం రైలెక్కి వచ్చేవారనీ మనవళ్లకు చెబుతుంటాను. వాళ్లు నమ్మేశాక నాకే సిగ్గేస్తుంది. ఎవరూ రాలేదు. ముగ్గురు మనుషులు పక్కపక్కన కూర్చుని జంపఖానా నేయగలిగినంత మగ్గం, అంతే. కానీ ఆ ముగ్గురి సంగతిలో మాత్రం నేను కలిపి చెప్పేది చాలా తక్కువ.

ఎడమ చివర మా తాతయ్య. పొద్దున్నే విభూతి పెట్టుకుని, మగ్గానికి దండం పెట్టి గానీ నూలు ముట్టేవాడు కాదు. మధ్యలో పక్కింటి చాచా. నమాజు వేళకు లేచి వెళ్లి, తిరిగొచ్చి ఆపిన చోటే పోగు అందుకునేవాడు. కుడి చివర మా చిన్నాయన, నాన్నకు తమ్ముడు. సైకిల్ మీద హన్మకొండ సభలకు పోయి పోయి, దేవుడు లేడని తేల్చుకున్నవాడు. నూలు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోయేది. అది దాటాక ఎవరి ముందున్న మేరను వాళ్లు పంజాతో, అంటే ఇనుప పళ్లున్న బరువైన దువ్వెనలాంటి దానితో, కొట్టి బిగించాలి. దేవుడున్నాడా లేడా అన్న తగాదా కూడా ఆ నూలుతో పాటే అటూ ఇటూ తిరిగేది.

ముగ్గురి చేతి దెబ్బా మూడు రకాలు. తాతయ్యది మెత్తన, చాచాది నిదానం, చిన్నాయనది బండ. అందుకని తాతయ్య వైపు నేత ముందుకు జరిగిపోయేది, చిన్నాయన వైపు వెనకబడేది. అంచు వంకర పోయిందని ఒకరినొకరు తిట్టుకుంటూ, వెనకబడ్డ చోట మరికొన్ని పోగులు పెట్టి సరిచేసుకునేవారు. కళ్లు మూసుకుని అరచేతితో తడిమి, ఒకరి నేత ఎక్కడ ఆగి ఇంకొకరిది ఎక్కడ మొదలైందో చెప్పడం నా ఆట. వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పేవాణ్ని. సరే, బెత్తెడు అటూ ఇటూ అయ్యేది.

నేను చెప్పబోయేది అమ్మను పురిటికి రిక్షాలో పెద్ద దవాఖానకు తీసుకుపోయిన రోజు గురించి. అంతకు ముందటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అమ్మ చాలా కాలం మంచం దిగలేదు. ఈసారి తల్లి మాట కూడా చెప్పలేనని మంత్రసాని అంటుంటే నేను తలుపు చాటు నుంచి విన్నాను. నాన్న, అమ్మమ్మ తోడు వెళ్లారు. నన్ను ఇంట్లో వదిలేశారు.

నేను ఒకచోట నిలవలేకపోయాను. తాతయ్య దగ్గరికి పోతే నుదుట విభూతి పెట్టి, మల్లన్నకు మొక్కుకో, ఫికర్ లేదన్నాడు. చాచా నా తల మీద ఏదో చదివి మెల్లగా ఊది, అల్లా చూసుకుంటాడు, ఫికర్ లేదన్నాడు. చిన్నాయన నా నుదుటి వైపు చూసి, అక్కడ డాక్టరమ్మ ఉంది, సూదులూ మందులూ ఉన్నాయి, వీటితో పని లేదు, ఫికర్ లేదన్నాడు. ముగ్గురూ లేదన్నాక నా ఫికర్ మూడింతలైంది. ఒకరి మాట నిజమైతే మిగతా ఇద్దరి మాటా విన్నందుకు అమ్మకేమైనా అవుతుందేమో. మొక్కులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే అమ్మను ఎవరు చూస్తారు?

అందుకని చిన్నాయన కంటబడేటప్పుడు విభూతి తుడిచేశాను. తాతయ్య వైపు వచ్చేటప్పుడు పొయ్యిలో బూడిద తీసి పూసుకున్నాను. చాచా ఊదిన గాలి ఎగిరిపోతుందేమోనని నెత్తి మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆ అవతారంతోనే మగ్గం నుంచి వీధి మలుపు దాకా, మలుపు నుంచి మగ్గం దాకా వెయ్యిసార్లు తిరిగాను. వెయ్యి కాదు లెండి. బొటనవేలు రాయికి తగిలి గోరు లేచిందన్నది మాత్రం నిజం.

చివరికి ఆగలేక మగ్గం ముందుకొచ్చి నిలబడ్డాను.

"మీ ముగ్గుర్ల ఎవలు చెప్పింది నిజం? ఒక్కటి చెప్పుండ్రి. నేను గదే చేస్త."

వాదానికి ఎప్పుడూ ముందుండే చిన్నాయన కూడా తల వంచుకుని పంజా కొడుతూనే ఉన్నాడు.

గోడ పక్కన రాట్నం మీద కండెలు చుడుతున్న మా నాయనమ్మ లేచి వచ్చింది. నెత్తి మీదున్న నా చెయ్యిని మణికట్టు దగ్గర పట్టుకుని కిందికి దించింది.

"కండ్లు మూసుకో బిడ్డా. పొద్దటిసంది నేసింది తడిమి చూడు. ఎవలది ఏడ ఆగిందో చెప్పు."

నాకు ఆటాడే మనసు లేదు, అయినా తడిమాను. ఎడమ చివర నుంచి కుడి చివరకు పోయాను, మళ్లీ వెనక్కి వచ్చాను. ఎక్కడ చెయ్యి పెట్టినా చెక్క మీద పెట్టినట్టే ఉంది. తాతయ్య మెత్తదనం లేదు, చాచా నిదానం లేదు. కళ్లు తెరిచి చూస్తే, ఎన్నడూ లేనిది, అంచు తాడు పట్టి గీసినట్టు ఉంది. దొరకలేదన్నాను.

"దొర్కది. నోర్లు తలా ఒక తీరు చెప్పినయి గని, చేతులు ఒక్క తీర్గనే భయపడ్డయి. మీ అమ్మ కోసమే ఇంత గట్టిగ కొడ్తాండ్లు. ఎవలకు కోపమొస్తదోనని ఉరుకకు. వచ్చి కూసో."

నాకంటే ముందే ఆమె కూడా తడిమి చూసుకుందని చాలా ఏళ్లకు చెప్పింది. ఆమెకూ కాలు నిలవలేదన్నమాట.

కూర్చున్నాను. కుదురుగా కాదు, కూర్చున్నాను. కాసేపటికి చిన్నాయన తల ఎత్తకుండానే అన్నాడు.

"భాయ్, నమాజు యాళ్ల దాటిపోతాంది. పోయి రా. నీ మేర నేను కొడ్త."

చాచా లేచి, చిన్నాయన వైపు తిరిగాడు.

"నీ తరపున గూడ అడుగుత."

ఇంకో రోజైతే ఆ మాటకు ఇంటి పైకప్పు ఎగిరిపోయేది. చిన్నాయన పంజా ఆపి, "అడుగు" అన్నాడు. తాతయ్య ఖాళీ అయిన చోటు మీదుగా చెయ్యి చాచి, నూలు కొడుక్కి అందించాడు.

పొద్దు వాలుతుండగా నాన్న రిక్షా దిగాడు. అతని ముఖం చూస్తూనే నాయనమ్మ గోడకు ఆనుకుంది. అమ్మ బాగుంది, ఆడపిల్ల. టీ తాగడం కూడా పూర్తి కాకముందే తాతయ్య మల్లన్న అన్నాడు, చాచా అల్లా అన్నాడు, చిన్నాయన డాక్టరమ్మ అన్నాడు. మర్నాటి నేత మళ్లీ వంకర పోయింది. ఆ వంకరను చూసి నాకెంత హాయి అనిపించిందో చెప్పలేను.

అమ్మ దవాఖానలో ఉన్న రోజు నేసిన జానెడు నేత బిగువుకు జంపఖానా నడుము దగ్గర లోపలికి గుంజుకుపోయింది. బజారులో షావుకారు తీసుకోనన్నాడు. అది ఇంట్లోనే ఉండిపోయింది, దాని మీదే మా చెల్లెలు బోర్లాపడింది. ఇప్పుడు తన ఇంట్లోనే ఉంది. నేసిన ముగ్గురూ లేరు.

దేవుడి గురించి, లేని దేవుడి గురించి ఎవరైనా గట్టిగా మాట్లాడుతుంటే నా చూపు వాళ్ల చేతుల మీదికి పోతుంది. చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడల్లా కళ్లు మూసుకుని ఆ జానెడు నేత తడుముతాను. ఇదిగో, ఇక్కడ తాతయ్యది ఆగింది, ఇక్కడ చాచాది మొదలైంది అని తనకు చూపిస్తాను. పాపం, తను నమ్ముతుంది.

అబద్ధం. ఇంతవరకూ దొరకలేదు.