జిలానీ చేతిలో నా పుస్తకం

కొన్నేళ్లుగా ఒక వాక్యం నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అది నేను రాసింది కాదు. నేను రాసినవి వేలకొద్దీ ఉంటాయి, వాటిలో ఏదీ మర్నాటికి నాకే గుర్తుండేది కాదు. ఇది ఒక మనిషి మైకు ముందు నిలబడి అన్నది.

"నేనే అట్టా చెప్పానండి."

అన్నది జిలానీ. మా తిరువూరులో ట్రాలీ ఆటో తోలతాడు. ఒక ఫంక్షన్ హాల్లో, మెడ చుట్టూ కొత్త శాలువాతో నిలబడి ఆ మాట అన్నాడు. హాలంతా నవ్వింది. మొదటి వరుసలో కూర్చున్న నేను తల వంచుకుని కాగితం మీద ఏదో రాసుకుంటున్నట్టు పెన్ను కదిపాను. అతను చెప్పింది అబద్ధం. ఆ మాట పుట్టించింది అతను కాదు, నేను. ఆ సంగతి ఆ హాల్లో ఇద్దరికే తెలుసు. ఇద్దరిలో ఒకడు అబద్ధమాడాడు, రెండోవాడు ఆడనిచ్చాడు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోయి చాలాసార్లు మాట మార్చాను.

నేను చాలాకాలం ఒక దినపత్రికకు ఈ ప్రాంతపు విలేకరిగా పనిచేశాను. జిల్లా పేజీల్లో ఆదివారం నాడు ఒక చిన్న శీర్షిక ఉండేది. ఊళ్లో ఎవరో ఒకర్ని పట్టుకుని, ఇప్పుడు ఏం చదువుతున్నారని అడిగి, ఫోటోతో సహా వేసేవాళ్లం. ఆలోచన నాదే. పరీక్షల కోసం, ఉద్యోగం కోసం చదివేది కాదు. ఎవరూ చదవమనకపోయినా చదివేది. మొదట్లో భలే జవాబులు వచ్చాయి. బట్టల కొట్టాయన హత్యల నవలలు తప్ప ముట్టనన్నారు. ఒక నర్సమ్మ వంటల పుస్తకాలు కథల్లాగా చదువుతానంది, ఒక్కటీ వండదట. నాకు అవి నచ్చాయి. మా పత్రిక డెస్కులో వాళ్లకు నచ్చలేదు.

సబ్‌ఎడిటర్ ఫోన్ చేశాడు. మీ ఊళ్లో వంటలూ హత్యలూ తప్ప ఇంకేం చదవరా, కాస్త బరువున్నవి పంపండి, లేకపోతే ఆ జాగాలో ప్రకటన వేసుకుంటారు అన్నాడు. తప్పంతా అతని మీదకు నెట్టడానికి ఇది చెప్పడం లేదు. అతను బరువున్నవి పంపమన్నాడు. లేని బరువు పెట్టి పంపమనలేదు.

అప్పటి నుంచి నేను జవాబుల్ని సాపు చేయడం మొదలుపెట్టాను. మా వృత్తిలో ఇది పెద్ద నేరంగా చూడరు. మనిషి ఎడాపెడా మాట్లాడితే మనం వరసలో పెడతాం. వరసలో పెట్టేటప్పుడు ఒక మాట పోతుంది, ఇంకో మాట వచ్చి చేరుతుంది. వారపత్రికలో సీరియల్ చదువుతున్నానన్నవాడు నా చేతిలో సమకాలీన సాహిత్యం చదివేవాడయ్యేవాడు. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. పేపర్లో తమ గురించి కొంచెం ఎక్కువ రాస్తే ఎవరు అభ్యంతరం పెడతారు? అదీ నా లెక్క.

ఇంకొకటి. మనం వెళ్లిన వేళకు మనిషి చేతిలో పుస్తకం ఉండదు గదా. అందుకని ఫోటో కోసం నా సంచీలో ఒక లావు పుస్తకం పెట్టుకునేవాణ్ణి. వేదాంతం మీద వ్యాఖ్యానం. ఏదో ఆవిష్కరణ సభలో విలేకర్లకు ఊరికే ఇచ్చింది. ముందుమాట దాటి నేను చదవలేదు. అట్ట కనబడకుండా పట్టుకోండి అని చెప్పి అందరి చేతుల్లోనూ దాన్నే పెట్టేవాణ్ణి. ఊళ్లో చాలామంది చేతులు పడ్డాయి దాని మీద. చదివిన చెయ్యి ఒక్కటీ లేదు.

ఒక ఎండాకాలం రెడ్డిగూడెం వైపు ఈదురుగాలికి మామిడికాయలు రాలిపోయాయి. వార్త కోసం వెళ్లాను. తోటలో కూలీలు చెట్లకు నిలిచిన కాయల్ని కోసి ట్రేలకెత్తుతున్నారు. ఒక చెట్టు కింద జిలానీ ట్రాలీ ఆగి ఉంది. అతను దాని నీడలో కూర్చుని చదువుకుంటూ, తనలో తాను నవ్వుకుంటున్నాడు. నాకు పాత పరిచయమే, మేం ఇల్లు మారినప్పుడు సామానంతా అతనే చేరవేశాడు. చూస్తే పిల్లల కథల పుస్తకం. అట్ట సగం ఊడిపోయింది.

ఇదేంటి జిలానీ, పిల్లల పుస్తకం? అన్నాను.

"పిల్లలు చదివి పడేశారు సార్. నేను పడెయ్యలేకపోతున్నా" అన్నాడు. ఆ తర్వాత, నేను అడక్కుండానే, "రాక్షసుడు ఆఖర్న చస్తాడని మనకి ముందే తెలుసు. అయినా అప్పటిదాకా ఆడు ఎగురుతుంటే చూడబుద్ధేస్తది. బయట రాక్షసులు అట్టా కాదుగా సార్, ఎప్పుడు చస్తారో ఏంటో తెలవదు."

నా శీర్షిక మొత్తంలో ఎవరూ అంత మంచి జవాబు చెప్పలేదు. ఆ సంగతి నాకు అప్పుడే, ఆ చెట్టు కిందే తెలుసు. ఇది ముఖ్యం. తెలియక చేశానని అనుకోవడానికి నాకు దారి లేదు.

ఫోటో తీస్తానన్నాను. ఆ పుస్తకం చినిగిపోయింది, ఇది పట్టుకో, బాగుంటుంది అని సంచీలోంచి నాది తీసి ఇచ్చాను. "ఇదేం పుస్తకం సార్?" అన్నాడు. మంచిదే అన్నాను. ఆ ఒక్కసారి మాత్రం అట్ట కనబడేలా పట్టుకోమన్నాను. ఎందుకన్నాను? అప్పటికే నా బుర్రలో హెడ్డింగు తయారైపోయిందా? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను కుర్చీలోంచి లేచి అటూ ఇటూ తిరుగుతాను. తయారైపోయిందనే అనుకుంటున్నాను.

మామిడి తోటలో వేదాంతం. అదీ హెడ్డింగు. ముస్లిం డ్రైవరు, లోడు ఎత్తే లోపు విరామం, చెట్టు నీడ, చేతిలో వేదాంతం. "ఏ మతమైనా చెప్పేది ఒక్కటే" అని అతని నోట ఒక మాట కూడా పెట్టాను. అతను అలాంటిదేమీ అనలేదు. ఈ వయసులో పిల్లల కథలంటే ఊరు నవ్వుతుంది, అతన్ని కాపాడుతున్నాను అని ఆ సాయంత్రం నాకు నేను చెప్పుకున్నాను. కాపాడింది అతన్ని కాదు. ఆదివారం నాటి ఆ కాస్త జాగాని.

శీర్షికలో కాదు, జిల్లా పేజీలోనే పైన వేశారు. సబ్‌ఎడిటర్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఊళ్లో ఆ క్లిప్పింగు ఫోన్ నుంచి ఫోనుకు తిరిగింది. ఒక రైసు మిల్లు యజమానీ, మరికొందరు పెద్దలూ కలిసి జిలానీకి సన్మానం చేయాలని హాలు మాట్లాడారు. ఆ వార్త కూడా నేనే రాశాను.

సన్మానం రోజు పొద్దున్నే జిలానీ మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, నేను చెప్పింది అది కాదుగా."

"పేపర్లో కొంచెం అలాగే రాస్తారు జిలానీ. నీకు మంచి పేరే వచ్చిందిగా."

"పేరు వచ్చింది సార్. మా బావమరిది, ఏం బావా, మాకు చెప్పకుండా సన్నాసుల్లో కలుస్తున్నావా అంటున్నాడు." నవ్వబోయాడు. నవ్వు పూర్తి కాలేదు. "అక్కడెవరన్నా అందులో ఏముందని అడిగితే ఏం చెప్పాలి?"

"ఎవరూ అడగరు. శాలువా కప్పుతారు, ఫోటో తీస్తారు, అయిపోద్ది."

"నేను రాను సార్. వంట్లో బాలేదని చెప్పండి."

ఇక్కడ ఆపవచ్చు. ఇక్కడే ఆపవలసింది. ఒక్క ఫోను చాలు, పొరపాటు పడ్డానని. నేను ఏమన్నానో చెబుతాను.

"నువ్వు రాకపోతే నా పరువు పోద్ది జిలానీ."

అతను గుమ్మం వైపు తిరిగాడు. "మీ పరువంటున్నారు కాబట్టి వస్తా సార్" అని వెళ్లిపోయాడు.

హాల్లో అడిగినాయన చెడ్డవాడు కాదు. రిటైరైన లెక్చరరు, పెద్దమనిషి. నిజంగానే ముచ్చటపడి, ఆ గ్రంథంలో మీ మనసుకు తగిలిన ఒక్క మాట చెప్పండి జిలానీ గారూ అని మైకు అతని ముందుకు జరిపాడు. జిలానీ మైకు దగ్గరికి వచ్చాడు. తాను చదివింది అది కాదని, తనకు తెలిసినవి కథలని మెల్లగా అన్నాడు. వెనక నుంచి ఎవరో, మరి పేపర్లో అట్టా పడిందేంటి అని అరిచారు. అప్పుడు జిలానీ నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. ఆ చూపులో కోపం ఉంటే నాకు ఇంత కష్టం ఉండేది కాదేమో. నేను లేస్తానేమోనని చూశాడు, అంతే. నేను లేవలేదు. అతను మళ్లీ మైకు వైపు తిరిగి ఆ వాక్యం అన్నాడు.

మర్నాడు పేపర్లో సన్మానం ఘనంగా జరిగిందని వచ్చింది. మిల్లు యజమాని పేరు, లెక్చరరు పేరు, వచ్చినవాళ్ల పేర్లు అన్నీ ఉన్నాయి. నవ్వుల సంగతి లేదు. రాసింది నేనే కదా.

ఆ తర్వాత లోడింగ్ దగ్గర అతని పేరు మారిపోయింది. "ఏం వేదాంతీ, ట్రేలు ఎత్తేదా, ఇదంతా మాయంటావా?" అనేవాళ్లు. పేపర్లో పడ్డానికి అబద్ధం చెప్పినవాడని కొందరు వెనక అనుకునేవాళ్లు. జిలానీ ఎవరికీ బదులు చెప్పలేదు. నన్ను చూస్తే మునుపటిలాగే నమస్కారం పెట్టేవాడు. ట్రాలీ నీడలో మాత్రం ఇంకెప్పుడూ పుస్తకంతో కనబడలేదు. ఫోను చూస్తూ కూర్చునేవాడు, లేకపోతే కళ్లు మూసుకునేవాడు. నేను ఆ తోటల వైపు వెళ్లినప్పుడల్లా వెతికాను. అతని చేతుల వైపే చూసేవాణ్ణి.

అతని పరువు పోయినందుకు కాదు నా బాధ. పరువు ఏదో ఒకలా తిరిగి వస్తుంది, ఊరు మరిచిపోతుంది. ఒక మనిషికి ఎవరూ నేర్పకుండా, ఎవరి మెప్పూ అక్కర్లేకుండా ఒక సంతోషం దొరికింది. అది చాలదని నేను తీర్పు చెప్పాను. దాన్ని అతని చేతిలోంచి తీసేసి, నేనే చదవని పుస్తకం పెట్టాను. తర్వాత సిగ్గుపడవలసింది అతనే అయ్యాడు.

ఆ శీర్షిక ఇంకొన్నాళ్లకు ఆగిపోయింది. నేనూ పత్రిక మానేశాను. ఇప్పుడు ఊళ్లో చదివేవాళ్లం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఎవరు ఏం చదువుతున్నారో ఆదివారం పూట చెప్పుకుంటాం. జిలానీ నంబరు కూడా అందులో ఎవరో చేర్చారు. అతను బయటికి వెళ్లలేదు, ఏమీ రాయడు. ఆ మధ్య ఒక టీచరమ్మ "మీరేం చదువుతున్నారు జిలానీ గారూ?" అని అడిగింది. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాడు. నేను అప్పుడే అందరికీ నిజం చెప్పేద్దామని చాలా టైపు చేశాను. చెరిపేశాను. ఇంకోసారి ఇంకోలా టైపు చేశాను. అదీ చెరిపేశాను.

నన్ను ఎవరైనా ఏం చదువుతున్నారని అడిగితే ఇప్పుడు నేనూ తప్పించుకుంటాను. ఏ పుస్తకం తెరిచినా రెండు పేజీలకు లేచిపోతున్నాను.

ఇదంతా రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అది నాకు. అతనికి ఇందులో ఏమీ లేదు. జిలానీ అన్నది అతని అసలు పేరు కాదు, కానీ ఊళ్లోవాళ్లు చదివితే అతనెవరో వెంటనే పోల్చుకుంటారు. మళ్లీ అతని గురించి మాట్లాడుకుంటారు. రాసే ముందు అతన్ని అడగలేదు.