తిరుగుటపా గుమాస్తా

నన్ను మా ఆఫీసులో అందరూ తిరుగుటపా అంటారు. మొదట్లో వెనకాల అనేవారు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు. పై దేశాల నుంచి వచ్చి ఇక్కడ పనిచేసేవాళ్ళ అనుమతి దరఖాస్తులు చూసే ఆఫీసు మాది. ఇరవై ఆరేళ్ళుగా నాలుగో కౌంటరు వెనక కూర్చుని, వచ్చిన ప్రతి ఫైల్లో ఏదో ఒక లోపం పట్టుకుని తిప్పి పంపడమే నా ప్రతిభ. సంతకం గడి గీత దాటిందా, తిరుగుటపా. పుట్టిన తేదీ నీలం సిరాతో రాశారా, తిరుగుటపా. లోపం లేని ఫైలు వచ్చిన పూట నాకు భోజనం సయించేది కాదు.

రెండేళ్ళ కిందట చట్టం మారింది. నర్సులు, వెల్డర్లు, ఇంజనీర్లు అన్ని దేశాలకీ కావాలట, మనం తాత్సారం చేస్తే పక్క దేశం వాళ్ళు తన్నుకుపోతారట. పెద్దాఫీసరు మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టి, "ఇకమీదట వాళ్ళు మనల్ని కాదు, మనం వాళ్ళని బతిమాలుకోవాలి. ప్రతి ఫైలూ పదిహేను రోజుల్లో తేలిపోవాలి" అన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఎందుకంటే అప్పటికే కొత్త రూల్లో ఒక సందు నా కంటపడింది. ఫైలు తిప్పి పంపితే గడువు అక్కడితో ఆగిపోతుంది, దిద్దుకుని మళ్ళీ తెస్తే మొదటి రోజు నుంచి లెక్క. ఇంకేం, ప్రతి ఫైలునీ పద్నాలుగో రోజున తిప్పి పంపేవాణ్ణి. నా బల్ల మీద గడువు దాటిన ఫైలు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ ఏడాది చురుకైన ఉద్యోగినని వరండా గోడకి నా ఫోటో తగిలించారు. దాన్ని చూసుకోవడానికి రోజుకి నాలుగుసార్లు మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళేవాణ్ణి.

మా అక్కకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. అమ్మ పోయాక నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో డయాలసిస్ చేయించాలి. తీసుకెళ్ళడం వరకే నా మగతనం. సూది చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. అక్కని లోపల కూర్చోబెట్టి, నాలుగు గంటలూ బయట బెంచీ మీద పేపరు చదువుతూ గడిపేవాణ్ణి.

అక్క చేతి నరం మహా మొండిది, ఓ పట్టాన దొరకదు. లావుపాటి సూదులు రెండు గుచ్చాలి. మొదట్లో నర్సులు నాలుగేసి చోట్ల పొడిచేవారు, ఇంటికొచ్చేసరికి చెయ్యంతా కమిలిపోయి ఉండేది. తర్వాత ఒకమ్మాయి వచ్చింది. ఒక్క పోటుకే నరం పట్టేస్తుందని అక్క మురిసిపోయి ఆ పిల్లకి చల్లనిచెయ్యి అని పేరు పెట్టుకుంది. నేను ఆమె మొహం చూసిందీ లేదు, అసలు పేరు అడిగిందీ లేదు.

ఒకరోజు బస్సులో తిరిగొస్తూ అక్క కళ్ళు తుడుచుకుంది.

"చల్లనిచెయ్యి వచ్చేవారం వెళ్ళిపోతోందిరా."

"ఏం, పెళ్ళా?"

"పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు. అనుమతి పొడిగించమని మూడు నెలల కింద పెట్టుకుందట. ఎవడో వెధవ, ఫోటోలో పళ్ళు కనిపిస్తున్నాయని ఒకసారి, చెవి కనిపించలేదని ఒకసారి తిప్పి పంపాడట. మూడోసారి వేసి పదకొండు రోజులైనా ఉలుకూ పలుకూ లేదట. రెండోసారి తిరిగొచ్చినప్పుడే విసుగొచ్చి పక్క దేశానికీ పెట్టుకుందట. వాళ్ళు తొమ్మిది రోజుల్లో రమ్మన్నారు. మీ ఆఫీసేగా, ఆ వెధవ ఎవడో కాస్త కనుక్కో."

కనుక్కోవలసిన పని లేదు. మా ఆఫీసు మొత్తంలో పళ్ళు చూసే వెధవ ఒక్కడే.

మర్నాడు ఆఫీసు తలుపులు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. పళ్ళకోసారి, చెవికోసారి తిరుగుటపా పడ్డ నర్సు ఫైలు నా బల్ల మీదే ఉంది, పద్నాలుగో రోజు కోసం ఎదురుచూస్తూ. ఇరవై నిమిషాల్లో మంజూరు చేసి, పై సంతకం కోసం మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. పెద్దాఫీసరు నా ఒంట్లో బాగుందా అని అడిగాడు.

ఆ మర్నాడు అక్క వంతు. ఈసారి నేనూ లోపలికి వెళ్ళాను. గొట్టాల్లో తిరుగుతున్న అక్క నెత్తురు చూడలేక తలుపు రెక్క పట్టుకున్నాను. మాస్కు కట్టుకున్న పిల్ల అక్క చేతికి ప్లాస్టరు వేస్తోంది. కాగితం చాపాను.

"మీ అనుమతి వచ్చిందమ్మా. మూడేళ్ళకి."

ఆమె చదివింది. "ఇప్పుడు ఆఫీసువాళ్ళే తెచ్చిస్తున్నారా సార్?"

"కొత్త చట్టం కదమ్మా... మీలాంటి నిపుణులకి స్వాగతం పలకాలని..." పెద్దాఫీసరు ఉపన్యాసం నా నోట్లోంచి వస్తోంది. అక్క నా వంక చూసింది. చిన్నప్పుడు నేను అబద్ధమాడితే అలాగే చూసేది. సిగ్గుతో చచ్చిపోయాను.

"తిప్పి పంపింది నేనేనమ్మా. రెండుసార్లూ నేనే. తప్పయిపోయింది. మా అక్క కోసమైనా ఉండిపో."

ఆ పిల్ల కాగితాన్ని జాగ్రత్తగా మడిచింది. తర్వాత మెల్లిగా అంది. "టికెట్టు కొనేశాను సార్. గది ఖాళీ చేశాను. అక్కడ మా చెల్లికి కూడా పనిస్తామన్నారు. అక్కయ్యగారిని వదిలి వెళ్ళాలంటే బాధగానే ఉంది. కానీ కవరు తిరిగొచ్చినప్పుడల్లా, ఈ ఊరికి నేను అక్కర్లేదేమో అనిపించేది."

అక్క ఖాళీగా ఉన్న చేత్తో ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నువ్వు వెళ్ళు తల్లీ. ఉండిపోతే మూడేళ్ళకి మళ్ళీ వీడి బల్లకే రావాలి." నా వైపు తిరిగింది. "నువ్వు మాత్రం ఇక బయట కూర్చోకు."

మరుసటి వారం వేరే వార్డు నుంచి ఒక నర్సును సర్దారు. పాపం, ఆమెకి ఈ పని అలవాటు లేదు. నేను పక్కనే నిలబడి అక్క రెండో చెయ్యి పట్టుకున్నాను. గుచ్చింది, నరం దొరకలేదు. ఇంకోచోట, మళ్ళీ ఇంకోచోట. నాలుగో పోటుకి గానీ గొట్టంలోకి నెత్తురు రాలేదు. కళ్ళు తిరిగి పడిపోవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

అక్క ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.