ఎడ్ల అంగడిలో బాకాల జత

సూర్యాపేటలో కంచరి కాటయ్య చేసిన బాకాల సంగతి చెబితే నమ్మని వాళ్ళున్నారు. నమ్మకపోతే నష్టం వాళ్ళకే. ఒక్కో బాకా మూతి ఎంత వెడల్పంటే, అందులో కోడి పొదిగి పిల్లల్ని లేపింది. ఆ పిల్లలు కిచకిచమంటే పక్క వీధి వాళ్ళు కర్రలు పట్టుకుని బయటికొచ్చారు. యూనియన్ సైన్యం వచ్చిన ఏడు ఒక దోమ బాకా గొంతులో దూరి రొద పెడితే, విమానం వచ్చిందని పేటలో సగం మంది మంచాల కింద దూరారు. మిగతా సగం మందికి మంచాల్లేవు.

ఈ బాకాలు లౌడుస్పీకరుకు తగిలించేవి. వెనక బిగించే కరెంటు గుండు పట్నం కంపెనీ వాళ్ళు చేస్తారు. దాని ముందు పువ్వులా విచ్చుకునే ఇత్తడి బాకా మాత్రం అచ్చంగా కాటయ్య చేతి పని. బెజవాడ నుంచి డేరా సినిమా తెచ్చిన ఒకాయన, ఒక జత చేసిపెట్టమని అడిగి వెళ్ళాడు. రేకు దొరకలేదు. కాటయ్య ఆగే మనిషా? ఇంట్లో ఉన్న ఇత్తడి బిందెలన్నీ కోసి, సాగగొట్టి, అతుకులకు మాటు పెట్టి రెండు బాకాలు దించాడు. అంతలో రజాకార్ల గోల మొదలైంది. డేరా ఎత్తేసిన పెద్దమనిషి మళ్ళీ కనిపించలేదు. బాకాలు వరిగడ్డి వాములో దాక్కున్నాయి. కాటయ్య భార్య వీరమ్మ మట్టికుండలతో నీళ్ళు మోసింది.

గొడవలు సద్దుమణిగి, నలభై తొమ్మిది ఎండాకాలం ముదిరేసరికి వీరమ్మ ఓపిక కూడా ముదిరింది.

"ఇగ ఇను. వానలు పడేలోపల ఇవి అమ్ముడువోతే, నీ బాకాలు నువ్వు చేస్కో, నేను అడ్డం రాను. అమ్ముడువోలేదో, ఇరగ్గొట్టి నా బిందెలు నాకు చేసియ్యి. ఆ తర్వాత మా అన్న దుకాణంల గిన్నెలకు కళాయి పెట్టుకుంట కూసో."

కళాయి పెట్టడం చెడ్డ పనేమీ కాదు. కానీ బావమరిది కొలిమి ముందు కూర్చుని, "ఏం బావా, మైకులు మాట్లాడుతున్నయా?" అని రోజూ అడిగించుకోవడం కంటే తిత్తిలో దూరి నిప్పు ఊదడం నయమని కాటయ్యకు అనిపించింది.

"అమ్ముడువోకపోవుడేందే? నిజాం సర్కారు సుత నా బాకాలు కొంటుండె."

"సర్కారు పోయింది గదయ్యా."

"గందుకే పోయింది. నా బాకా కొనక."

బండి కట్టాడు. వీరమ్మ కూడా ఎక్కింది. ఒక్కణ్ణే పంపితే బాకాలు అమ్మకుండా కథలు అమ్ముకొస్తాడని ఆమె భయం.

ముందు కోదాడ వెళ్ళారు. అక్కడ కొత్తగా డేరా వేసిన జనార్దన్ అనే ఆయన బాకాలను తట్టి చూశాడు, మాటు పడిన చోట గోరుతో గీకి చూశాడు.

"పని బాగుందండీ. ఒకటి దింపెయ్యండి."

"ఒకటా?"

"నాది చిన్న డేరా కదండీ. రెండెందుకూ?"

"జత ఇడగొట్ట," అన్నాడు కాటయ్య. "ఇవి ఒక్క ఈడువి. ఇది వలపటిది, కుడి దిక్కు కట్టాలె. అది దాపటిది, ఎడమ దిక్కు. ఒకదాన్ని ఇడిస్తే రెండోది అలిగి మూగవడ్తది."

జనార్దన్ పడీ పడీ నవ్వాడు. "వలపటా దాపటా ఏమిటండీ! ఇవేమన్నా ఎడ్లా?"

బండి కదిలాక వీరమ్మ మొగుడి తొడ మీద గిచ్చింది. "సగం బరువన్న దిగుతుండె గదయ్యా!"

కాటయ్య ఎడ్లను అదిలించాడు. అలగడం, మూగపడడం అబద్ధమే. కానీ మొదటి బాకా ఒంపు చూసుకుంటూనే రెండోదాని ఒంపు తీశాడు. రెండోది కుదిరాక దాన్ని చూసి మొదటిదాన్ని మళ్ళీ సరిదిద్దాడు. ఇప్పుడు ఏది ఎక్కడ మొదలైందో ఆయనకే తెలియదు. దాన్ని ఎవరికైనా ఎలా చెప్పాలి? అందుకే అబద్ధం చెప్పాడు.

కాస్త దూరం పోయాక బండి ఆపేశాడు. మొహం వెలిగిపోతోంది.

"గాయన నవ్వుకుంట అన్నా మంచి మాటే అన్నడే. జతను జతగ కొనేటోడెవడు? రైతు. యాడ కొంటడు? ఎడ్ల అంగట్ల. మిర్యాలగూడ పోదాం."

"ఎడ్ల అంగట్ల బాకాలా! నీకు ఎండదెబ్బ తాకిందా ఏంది?"

"సూస్తుండు."

నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ చేరేసరికి మృగశిర కార్తె ముంగిట్లో ఉంది. వానలకు ముందు అదే ఆఖరి పెద్ద అంగడి. అది దాటితే డేరాలు కూడా ఎత్తేస్తారు, కొనేవాడుండడు. అది కాటయ్యకూ తెలుసు, వీరమ్మకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

కాటయ్య ఎడ్ల వరుసలోనే రెండు గుంజలు పాతి బాకాలను పలుపుతాళ్ళతో కట్టేశాడు. అంచులకు పసుపు కూడా పూశాడు. జనం మూగారు. అంగడి దళారి మట్టయ్య మీసం దువ్వుకుంటూ వచ్చి, వంగి, ఎద్దు పళ్ళు చూసి వయసు కట్టినట్టు బాకా మూతిలోకి తొంగి చూశాడు.

"ఎన్ని పండ్లయ్యా?"

"పండ్లు లెవ్వు."

"ముసలియా?"

"ఇంక పాలపండ్లే రాలె. గంత లేతయి."

"మేతో?"

"గాలి."

"పేడ ఏస్తయా?"

"మాట ఏస్తయి."

"యాడ? పొద్దటిసంది సూస్తున్న, ఒక్క మాట మాట్లాడకపాయె. మూగ గొడ్లను తెచ్చినవ్‌లే!"

జనం గొల్లుమన్నారు. కాటయ్యకు నవ్వించడం ఇష్టమే గానీ, నవ్వులపాలు కావడం ఇష్టం లేదు. అంతకు ముందే నల్లమలలో పులిని ఒక్క అరుపుతో తరిమిన సంగతి వాళ్ళకు చెప్పి ఉన్నాడు. ఆ అరుపేదో ఇప్పుడు చూపిస్తే పోలా? మోకాళ్ళ మీద కూర్చుని, బాకా వెనక సన్నని గొంతుకు నోరు ఆనించి, పులిలా గాండ్రించాడు.

నల్లమలలో ఆ పులి ఏమైందో గానీ, మిర్యాలగూడ అంగడి మాత్రం ఖాళీ అయింది. తాళ్ళు తెగాయి, గుంజలు ఊడాయి. అంగడి ఎడ్లన్నీ తోకలెత్తి పక్కనున్న మెట్ట చెలకల్లోకి పరుగు తీశాయి. అప్పుడే ధర పైకి చెప్పకుండా తువ్వాల కింద వేళ్ళు పట్టి ఒక జత బేరం తెంపుతున్న రుక్మాబాయి అనే ఆమె, కొనబోయిన ఎడ్లు దుమ్ములో కలిసిపోతుంటే చెయ్యి చాపి అలాగే నిలబడిపోయింది.

రైతులు కాటయ్యను చుట్టుముట్టారు. మట్టయ్య ఆయన భుజం మీది తువ్వాల మెలిపెట్టి పట్టుకున్నాడు. "ఎడ్లు రాకపోతే బిడ్డా, నీ మెడల కాడి ఏసి ఊరంత దున్నిపిస్తం!"

వీరమ్మ మధ్యలో దూరింది. "కొట్టుండ్రి, బాగ కొట్టుండ్రి. నాకు సుత సాయం అయితది. గని ఈయనను కొడితే ఎడ్లొస్తయా? ఆ బాకాల నుంచి ఎవల ఎడ్లను వాళ్ళు పిలువరాదుండ్రి!"

 మాడుగులపల్లి రైతు యాకోబు ముందుకొచ్చాడు. ఆయనది ముక్కు గొంతు, అందులోనూ పీల. పక్కన కూర్చున్న వాడికే సగం వినబడదు. సిగ్గుపడుతూ బాకాకు నోరు ఆనించాడు.

"మైలా... ఓ మైలా... రారా కొడుకా..."

ఆ ముక్కు గొంతు చెలక మీదుగా సాగిపోయింది. అక్కడెక్కడో మందలో ఒక బూడిదరంగు మైల ఎద్దు ఆగింది. చెవులు నిక్కబొడిచింది. వెనక్కి తిరిగి, తన జతగాణ్ణి ఒరుసుకుంటూ నడిచొచ్చింది. మిగతా ఎడ్లు తలెత్తి కూడా చూడలేదు.

ఆ తర్వాత వరస కట్టారు. ఒకాయన గరగర గొంతుతో పిలిచాడు, ఆయన ఎడ్లే వచ్చాయి. ఒకాయన దగ్గుతూ పిలిచాడు, ఆ దగ్గుకే వచ్చాయి. ఒక్క ఎద్దు కూడా పొరపాటున వేరేవాడి పిలుపుకు రాలేదు. ఒకాయన మీద అలిగి పుట్టింటికి పోయిన పెళ్ళాం కూడా ఆ పిలుపుకు తిరిగొచ్చిందంటారు గానీ, అంత అతిశయం మనకెందుకు.

రుక్మాబాయి అంతా చూస్తూ నిలబడింది. భర్త పోయాక మిర్యాలగూడలో ఆయన డేరా సినిమాను తానే నడుపుతోంది. డేరా బండికి ఎడ్లు కొందామని అంగడికొచ్చింది. ఎడ్లను వదిలేసి బాకాల దగ్గరికి నడిచింది.

"ఓ కంచరాయన! నా డేరాల పాత బాకా ఒకటున్నది. దాంట్ల రాజు మాట్లాడినా రాక్షసుడు మాట్లాడినా ఒక్కటే గొంతు. జనం పరేషాన్ అయి రాక్షసునికి దండం పెడ్తున్నరు. నీ దాంట్ల యాకోబు ముక్కు యాకోబు ముక్కు లెక్కనే వచ్చె!"

"నల్లమల పులి సుత..."

"పులి సంగతి ఇడిసిపెట్టు. గ్రామఫోను పెట్టె మీద యజమాని గొంతు గుర్తువట్టే కుక్కబొమ్మ సూసినవా? గా కంపెనీకి ఒక్క కుక్కనే సాక్ష్యం. నీకు అంగడి ఎడ్లన్నీ సాక్ష్యం జెప్పినయి."

వీరమ్మ మధ్యలో అందుకుంది. "ఒకటి గావాల్నా అమ్మా, రెండా?"

"ఒకటేం జేసుకుంట? డేరాల మొగోళ్ళ దిక్కు ఒకటి, పరదా ఇవతల ఆడోళ్ళ దిక్కు ఒకటి. జతకు జత గావాలె."

కాటయ్య ఆకాశం వైపు చూశాడు. కళ్ళలో దుమ్ము పడిందని తర్వాత చెప్పుకున్నాడు.

మట్టయ్య అలవాటు కొద్దీ తువ్వాల పరిచాడు. కాటయ్య చెయ్యి దాని కిందికి పోబోతుంటే వీరమ్మ దాన్ని పక్కకు తోసి తన చెయ్యి పెట్టింది. ఇవతల వీరమ్మ, అవతల రుక్మాబాయి. తువ్వాల కింద వేళ్ళు వేళ్ళను నొక్కాయి, విదిలించుకున్నాయి, మళ్ళీ పట్టుకున్నాయి. చుట్టూ మగవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఎంతకు తెగిందంటే, తువ్వాల కింది మాట తువ్వాల కిందే ఉండాలి. అది అంగడి ధర్మం. వీరమ్మ మొహం మాత్రం కొత్తగా కళాయి పెట్టిన గిన్నెలా ఉంది.

"వానలు ఎల్లినంక ఇంకో డేరా తీస్తున్న," అంది రుక్మాబాయి లేస్తూ. "దసరా వరకు ఇంకో జత గావాలె. అయితదా?"

"అయితది," అంది వీరమ్మ. కాటయ్య ఇంకా నోరు తెరుస్తూనే ఉన్నాడు.

బాకాలను డేరాలో దించి, ఖాళీ బండి ఎక్కి కాటయ్య పగ్గాలు పట్టుకున్నాడు. "ఇగ సూర్యాపేటకే గద?"

"గంత తొందరేంది? ఇత్తడి రేకు అమ్మేటోళ్ళు గీడ యాడున్నరో అడుగు. మందంగున్నదే కొనాలె. పల్చటిదైతే దొడ్డ గొంతుకు అదురుతది."

కాటయ్య తిరిగి చూశాడు. "నీకెట్ల ఎరుకే?"

"ఇన్నేండ్లు పక్కన కూసొని ఇనలేదా?"

కాటయ్యకు ఛాతీ నిండిపోయింది. ఇలాంటప్పుడు ఒక్క కథైనా చెప్పకపోతే ఎలా అని, గొంతు సవరించుకున్నాడు.

"తోలుకుంట చెప్పు," అంది వీరమ్మ. "దుకాణం మూస్తరు."