శోకం అందుకునేవాళ్ళు

అగరొత్తుల పొగ, జనరేటరు డీజిలు కంపు, వాడిపోతున్న బంతిపూలు. ఈ మూడూ కలిస్తే ఇప్పటి సావింటి వాసన. పోయిన నెల కంబదూరు పక్క పల్లెలో మా అక్క ఓబులమ్మను ఐసుపెట్టెలో పండబెట్టినప్పుడు కూడా అదే వాసన. వాకిట్లో ఫ్లెక్సీ కట్టినారు. నాకు అరవై దాటినాక నా కోడలు అక్షరాలు నేర్పింది కాబట్టి, దాని మీది మా అక్క పేరు కూడబలుక్కుని చదివినా. మైకులో ఎవరో ఎప్పుడో పాడిన పాట ఏడుస్తా ఉంది. మనుషులు మాత్రం కుర్చీల్లో కూచుని ఫోన్లు చూసుకుంటా ఉన్నారు. నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

మా అవ్వ, అంటే మా నాయనను కన్న తల్లి, శోకం ఎత్తడంలో పేరు మోసిన మనిషి. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు పోయినా ముందు ఆమెకే కబురొచ్చేది. ఒక ఉగాది నాడు పెనం మీద ఓళిగ కాలుతా, బెల్లం వాసన ఇల్లంతా కమ్ముకుని ఉండగా కబురొస్తే, చేతులకు అంటిన పిండి కడుక్కుని పోయింది. ఆమె వాటా ఓళిగలు మేమే తినేసినాం. మా ఊర్లో ఎండాకాలం పోతే వానాకాలమని పేరు పెట్టుకున్న ఇంకో ఎండాకాలం వచ్చేది, అంతే. ఆ ఎండల్లో ఆడపిల్లలం చింతచెట్టు కింద గుడ్డబొమ్మను సంపి, చుట్టూ కూచుని, మా అవ్వ లెక్క రాగం తీసి ఏడ్చేవాళ్ళం. శెనక్కాయ పొట్టే పూలు. ఒకరోజు మా అమ్మ చూసి చీపురు ఎత్తుకుంది. అవ్వ మాత్రం నవ్వి, "అట్లగాదు మే, మొదుట్లోనే అరిస్తే కడాకు గొంతు యాడుంటాది?" అనింది.

ఆమె పద్ధతే వేరు. తలకాడ కాదు, కాళ్ళకాడ కూచునేది. సచ్చిన మనిషి చెవిలో చెప్పినట్ల సన్నగా మొదలుపెట్టేది. వెనక ఉన్నోళ్ళు వినాలంటే నోరు మూసుకోక తప్పదు. కొంచెం కొంచెంగా గొంతు పెంచి, మాట కొసను సాగదీసి వదిలేస్తే, చుట్టూ ఉన్న ఆడోళ్ళు దాన్ని అందుకుని "అయ్యో నా తండ్రీ" అని ఎత్తేవాళ్ళు. ఆ సందులో ఆమె ఊపిరి తీసుకుని తర్వాతి మాట ఎతుక్కునేది. ఆమె కంట్లో నీళ్ళు కనపడేవి కావు. "కండ్లల్లో నీళ్ళొస్తే గొంతు పోతాది" అనేది. మా కాలంలో ఆడది రచ్చకట్ట ఎక్కి మాట్లాడే కత లేదు. పీనుగ ముందర ఏడ్చేటప్పుడు మాత్రం ఎంత పెద్ద మొగోడైనా అడ్డం రాకూడదు. అది మా పక్క కట్టుబాటు.

వానలు మొగం చాటేసిన ఒక ఏడు, కొర్రన్నం పోయి సంగటి, సంగటి పోయి గంజి మిగిలిన కాలం. మా అక్క మొగుడు తిప్పన్న ఉమ్మడి సేన్లో బాయి తవ్వుతా ఉన్నాడు. తేమ తగిలిందని పైకి కేక వేసిన రోజే గట్టు విరిగి మీద పడింది. అక్కకు ఇంకా పిల్లలు లేరు. పీనుగ వాకిట్లో ఉండగానే తిప్పన్న అన్న ఈరన్న గొడ్లపాక కాడ పెద్దమనుషులతో, "బిడ్డా పాపా లేదు గదా, పుట్టింటికి తోలిచ్చేద్దాం. సేను, బాయి మాకాడే ఉంటాయి" అంటా ఉంటే అవ్వ వినింది. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నా. అవ్వ వచ్చి పీనుగ కాళ్ళకాడ కూచునింది.

"తిప్పన్నా, నా బంగారు తిప్పన్నా, నీళ్ళు చూడకనే పోతివా అప్పా..."

ఆడోళ్ళు అందుకున్నారు.

"బాయిలో సగం నీదేనని మీ అన్న అన్యాడని, మా ఇంట్లో సంగటి తింటా చెప్తివి గదప్పా..."

ఈసారి ఎవురూ అందుకోలేదు.

"అది నిజమా తిప్పన్నా? నువ్వు పలకవు. ఇంగ ఎవుర్ని అడగల్లప్పా?"

అడిగి ఊరుకునింది. ఊరు ఊరంతా ఈరన్న దిక్కు చూసింది. పాడె కట్టేవాళ్ళ చేతులు కూడా ఆగినాయి. ఈరన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "నిజమేనవ్వా. నేనే అంటి. సగం ఓబులమ్మదే" అన్నాడు. అప్పుడు అవ్వ గొంతెత్తింది. ఆడోళ్ళందరూ ఒక్కసారే అందుకున్నారు.

ఆ సగం మీదే మా అక్క ముసల్ది అయ్యేదాకా బతికింది. అవ్వ మాత్రం ఆ తర్వాత ఏ సావుకూ పోలేదు. సావు తర్వాతి చిన్నదినం అయినాక మూల కూచుని సజ్జలు చెరుగుతా, చాట ఆపి నాతో అనింది: "ఆ పొద్దు నేను తిప్పన్న కోసం ఏడ్వలేదు మే. బాయి కోసం ఏడ్చినా. వాని ఏడుపు వానికి బాకీ పడిపోయింది." అప్పుడు చూసినా ఆమె కంట్లో నీళ్ళు. గొంతు లేదు.

పోయిన నెల ఐసుపెట్టె కాళ్ళకాడ కూచుని నేనూ ఎత్తినా. "అక్కా, ఓబులక్కా..." సన్నగానే మొదలుపెట్టినా. మా అక్కను కడదాకా చూసుకునింది ఈరన్న మనమడే, మంచోడే. వంగి, "అవ్వా, మైకులో పాట వస్తాంది, కొంచెం మెల్లగ" అన్నాడు. "ఆ పాట ఆపు రా!" అన్నా. ఆపినాడు. అందరూ నా దిక్కు తిరిగినారు, కొందరు వీడియోకని ఫోన్లు ఎత్తినారు. మాటలు నాకు చానా ఉన్నాయి. మొదటి మాట కొస సాగదీసి, అవ్వ లెక్కనే వదిలేసినా.

ఎవురూ అందుకోలేదు. అందుకోవాలని వాళ్ళకు తెలీదు. నాకు ఊపిరి తీసుకునే సందు దొరకలేదు. ఐసుపెట్టె గుర్రుమంటా ఉంది.