నేను రిటైరవుతున్నానట

నాకు నలభై ఆరేళ్లు నిండిన ఏడాది, నేను బాస్కెట్‌బాల్ మానేస్తున్నానన్న సంగతి ఆఫీసు లిఫ్టులో తెలిసింది. పై అంతస్తు సెక్షన్ ఆఫీసరు నాకు దణ్ణం పెట్టి, "ఇరవై రెండేళ్లు ఆడారు మేడమ్. పరువుగా తప్పుకోవడం అందరికీ చేతకాదు" అన్నారు. దేన్నుంచి తప్పుకోవడమో అడిగేలోపు ఆయన దిగిపోయారు.

గుంటూరు నుంచి స్పోర్ట్స్ కోటాలో వచ్చి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరాను. అప్పట్నుంచీ మా శాఖ ఆడవాళ్ల జట్టులో ఉన్నాను. పేపర్లో నా ఫోటో ఎప్పుడూ పడలేదు గానీ, శాఖల పోటీల్లో అవతలి జట్టు నా ఒక్కదాని మీదే ఇద్దర్ని కాపలా పెట్టేది. ఆ మాత్రం స్టార్‌నే.

పుకారు ఎక్కడ పుట్టిందో మధ్యాహ్నం భోజనాల దగ్గర తేలింది. అంతకుముందు శనివారం మా అత్తగారిని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ఎక్స్‌రే గదిలో ఉంటే, ఆవిడ చేతికర్ర పట్టుకుని బయట నించున్నాను. డిస్పాచ్‌లో పనిచేసే అమ్మాయి దూరం నుంచి చూసిందట. పలకరిస్తే బాధపడతానని నన్ను మాత్రం వదిలేసి, నా మోకాళ్లు పోయాయని ఆఫీసులో మిగతా అందరికీ చెప్పింది.

మొదట నవ్వొచ్చింది. మూడోనాటికి తగ్గింది. జట్టులోకి కొత్తగా వచ్చిన హర్యానా పిల్ల వచ్చి, "దీదీ, మీ ఏడో నంబరు జెర్సీ నాకిస్తారా?" అంది.

"నేనింకా చావలేదే తల్లీ!" అన్నాను తెలుగులో.

ఆ పిల్ల అది ఆశీర్వాదమనుకుని నా కాళ్లకి దణ్ణం పెట్టింది.

జనక్‌పురిలో ఇంటికొచ్చి చెబితే మా అమ్మాయి, "మమ్మీ, సచ్ మే ఛోడ్ రహీ హో?" అని, నిజంగానే మానేస్తున్నానేమోనని నా మొహంలోకి చూసింది. అత్తగారు మాత్రం, "నా కర్ర పట్టుకున్నందుకే ఇంత రభసా? ఈసారి ఆటకి నేనూ వస్తాను. కర్ర ఎవరిదో చూసుకుంటారు" అంది.

మర్నాడు పొద్దున్నే కాలనీ కోర్టులో ఒక్కదాన్నే బంతి వేసుకుంటూ ఆలోచించాను. పుకారు అబద్ధమే. కానీ కిందటేడు నుంచీ బంతి వెనక పరిగెత్తడంలో ఒక అడుగు ఆలస్యమవుతున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా. అందుకే ఆ పిల్ల నంబరు అడిగితే అంత కోపమొచ్చింది.

కోచ్ దగ్గరికెళ్లి, "సార్, నేను మానడం లేదు. కానీ మొదటి ఐదుగురిలో ఆ కొత్తమ్మాయిని దించండి. నేను చివర్లో వస్తాను" అన్నాను.

ఆయన ఊపిరి పీల్చుకున్నారు. "అచ్ఛా! ఏడాది నుంచీ ఈ మాట మీకెలా చెప్పాలా అని తల బద్దలుకొట్టుకుంటున్నాను."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

సెమీఫైనల్ ఆట రోజు మా అత్తగారు మొదటి వరసలో కూర్చుంది. హర్యానా పిల్ల లేడిలా పరిగెత్తింది. చివరి పది నిమిషాలకి నేను దిగాను. అప్పటికి రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. అవతలి జట్టుదాకా పుకారు చేరినట్టుంది, "ఆంటీ చివరిసారి ఆడుకుంటోంది, ఆడనివ్వండి" అని వాళ్ల కెప్టెన్ అనడం విన్నాను. నా మీద కాపలా ఒక్కరూ లేరు! జీవితంలో అంత ఖాళీ నాకెవరూ ఇవ్వలేదు. దూరం నుంచి వరసగా మూడు బంతులు వేశాను. మూడూ పడ్డాయి. వాళ్లు తేరుకుని నా మీదకి పరిగెత్తుకొచ్చేసరికి, బంతి హర్యానా పిల్లకి అందించాను. రింగు కింద ఒక్కతే ఉంది, అదీ పడింది. గెలిచాం.

ఆ సాయంత్రం డిస్పాచ్ అమ్మాయి వచ్చి చెవులు పట్టుకుని క్షమాపణ అడిగింది. "ఫైనల్‌కి ముందు ఇంకో పుకారు పుట్టించమ్మా" అన్నాను.

ఇప్పుడు వారానికి మూడు రోజులు పొద్దున్నే హర్యానా పిల్ల మా కాలనీ కోర్టుకొస్తోంది. దూరం నుంచి బంతి వెయ్యడం నేర్పుతున్నాను. మోచెయ్యి ఇంకా పక్కకి పోతోంది, దారికొస్తుంది.