కుండలో ముంచిన చూపుడు వేలు

ఈ సంగతి నేనే రాసిపెట్టాలి. మద్రాసు పక్కన మా తిరువొత్తియూరు వాళ్ల నోట పడితే వేలు కాస్తా మోచెయ్యి అవుతుంది. ఒక్క మధ్యాహ్నంలో వీధి మొత్తానికి మంచినీళ్లు లేకుండా చేసిన ఘనుడి కథ ఇది. ఆ ఘనుణ్ని నేనే.

తొంభైలలో మాట. జనం అలవాట్లు మార్చే పథకాలను ఎలా పరీక్షించాలో లైబ్రరీలో కూర్చుని సొంతంగా చదువుకున్నాను. నోటిమాట నమ్మకూడదు, స్వయంగా చూసి తేల్చుకోవాలి అన్నది బాగా తలకెక్కింది. అప్పటికి వసంతక్క ఒక ఆరోగ్య పథకం తరఫున ఏడాదిగా మా పక్కవీధిలో ఇల్లిల్లూ తిరుగుతోంది. నీళ్లు కాచి తాగండి, కుండలో చెయ్యి పెట్టకండి, గరిటెతో తీసుకోండి అని నేర్పుతోంది. జనం మారలేదని తేలితే పథకం ఆపేస్తామన్నారు డబ్బిచ్చేవాళ్లు.

"నేను చూసి రాస్తానక్కా" అన్నాను.

మొదటి ఇల్లు రంగనాయకమ్మది.

"నీళ్లు కాచారా పెద్దమ్మా?"

"పొద్దన్నే కాచినాం నాయనా."

నమ్ముతానా? మూత తీసి చూపుడు వేలు ముంచాను. చల్లగా ఉన్నాయి. కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టాను.

"అబ్బయ్యా, గరిటె ఆడ ఉండాదే" అంది కోడలు కమల.

"తాగడానికి కాదమ్మా, పరీక్షకి."

అదే వేలితో వీధి చివరిదాకా వెళ్లాను. అన్నీ చల్లగానే ఉన్నాయి, అన్నీ ఇంటూలే. వెనక్కి తిరిగి చూస్తే ఆడవాళ్లంతా కుండలు కాలవలో వంచుతున్నారు. 'మంచినీళ్లంటే లెక్కలేదు' అని అది కూడా రాసుకున్నాను.

వసంతక్క కాగితం చూసి పాలిపోయింది. నన్ను లాక్కుని రంగనాయకమ్మ దగ్గరికి నడిచింది.

"పొద్దన కాచినవి మజ్జాన్నానికి చల్లారవా? ఏం చదువుకున్నావు నాయనా నువ్వు?" అంది పెద్దమ్మ.

"మరి పారబోశారెందుకు?"

"నువ్వు వేలు పెట్టినావు గదా. ఈ వీధిలో కుండలో చెయ్యి పెట్టేది నువ్వొక్కడివే."

లారీ నీళ్ల కోసం కొట్టుకునే వీధి అది. అలాంటిచోట, వేలు పడిందని అందరూ కుండలు వంచేశారు. జనం మారారనడానికి ఇంతకన్నా పెద్ద రుజువు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఇంటూలన్నీ కొట్టేసి జరిగింది జరిగినట్టు రాశాను. పథకం నిలిచింది.

ఆ వేలి మీదే ఒట్టు, మళ్లీ ఎవరి కుండ మూతా తీయను. నా రాతను దిద్దిన వసంతక్కకు, నా బుద్ధిని దిద్దిన రంగనాయకమ్మకు, గరిటె చూపించిన కమలకు, ఆ సాయంత్రం నన్ను తిట్టుకుంటూ రెండోసారి పొయ్యి వెలిగించిన సుశీలకు, దేవకికి, ముత్యాలమ్మకు నా కృతజ్ఞతలు.