ఇది మా అట్ట

పోయిన వారం మా అక్క గృహప్రవేశంలో నా పరువు పోయింది. మెల్లగా గూడా కాదు, పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి, బేస్ ఎక్కువ చేసి మరీ పోయింది! నవ్వొద్దు. ముందు టీ తాగండి, చెప్తా.

నేను రాప్ రాస్తానని మీకు తెలుసు గదా. పగలంతా తిరువళ్ళూరులో ల్యాబ్‌లో బిల్లింగ్ కౌంటర్. మణవాళనగర్ ఇంటికొచ్చి కుక్కర్ పెట్టి, విజిల్ వచ్చేలోపల నాలుగు లైన్లు. మా ఆయన అడ్డం చెప్పడు. "హేమా, రాసుకో, కానీ పప్పు మాడనీయొద్దు" అంటాడు. అంతే.

పాట రికార్డు చేసేదాకా నన్ను తోసింది మాత్రం మా నగరి అత్త. మా నాయనకి అక్క, పెళ్ళయి ఆంధ్రా వైపు పోయింది. యాడ కలిసినా ఒకటే మాట. "మీరు మాట్లాడేది తెలుగేనా? తమిళ రేడియోకి జలుబు చేసినట్టు ఉండాది!" అందరూ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, లోపల మండతా ఉండేది. మేము తరతరాలుగా తమిళనాడులో తిరుత్తణి పక్కనే ఉండాము, మగ్గం నేసినాము, ఇంట్లో తెలుగే మాట్లాడినాము. ఈ తెలుగులోనే, ఇట్లే, ఒక హిప్ హాప్ పాట చేసి అత్త చెవిలో వెయ్యాలని పట్టుబట్టినాను. అక్క కొత్తింట్లో పాలు పొంగించే రోజే రిలీజ్ అని ఫ్యామిలీ గ్రూపులో చెప్పేసినాను గూడా.

తిరువళ్ళూరులో టైల్స్ షాపు పైన ఒక స్టూడియో ఉండాది. సెంథిల్ అని సౌండ్ ఇంజనీర్ నడుపుతాడు. తమిళ పిల్లోడు, బీట్ గూడా ఆయనే చేసినాడు. ఆడికి పోయినాక చూడాల నా అవతారం! ఎగ్జిబిషన్‌కి పోయిన చంటిపిల్ల నయం. తలుపు చూస్తే ఐస్ ఫ్యాక్టరీ తలుపంత మందం. "ఎందుకింత లావు?" గోడల నిండా స్పాంజి గుంటలు. "ఇదేంది, ఎలకలు కొరికినాయా?" మైక్ ముందర నల్ల గుడ్డ బిగించిన రింగు ఒకటి. "టీ వడగట్టేదానికా సెంథిల్?"

"లేదక్కా. ప, బ అన్నప్పుడు నోట్లోంచి గాలి టప్ టప్ అని కొడుతుంది. అది మైక్‌కి తగలకుండా ఆపుతుంది."

నేను వెంటనే అరచెయ్యి నోటి ముందర పెట్టుకొని "ప, ప, బ, బ" అని చూసుకున్నా. నిజమే! ఇన్నేళ్ళు మాట్లాడతా ఉండాను, నా నోట్లో ఇంత గాలి ఉండాదని నాకే తెలీదు.

బూత్ లోపలికి పోయి తలుపు మూస్తే, అబ్బా, ఆ నిశ్శబ్దం! చప్పట్లు కొడితే శబ్దం ఆడికాడే చచ్చిపోయింది. హెడ్‌ఫోన్స్‌లో నా గొంతు నాకే వినపడింది, ఎవరో వేరే ఆడమనిషి మాట్లాడినట్టు. "నా గొంతు ఇట్ల ఉంటుందా?" అంటే అవతల నుంచి సెంథిల్, "ఎప్పుడూ అట్లే ఉంటుందక్కా, మాకు అలవాటు" అన్నాడు. నా రాప్ భాగం మాత్రం బాగా వచ్చింది. కుక్కర్ ముందర నిలబడి వందసార్లు చెప్పుకున్నదే గదా, కాగితం గూడా చూడలేదు.

మిగిలింది హుక్. అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్క. అది రాగంగా పాడాల. నాకు రాప్ వస్తుంది, రాగం రాదు. నేను రాగం తీస్తే మా ఆయన టీవీ సౌండ్ పెంచుతాడు. దాంతో సెంథిల్ యాళిని అనే అమ్మాయిని పిలిపించినాడు. చర్చి క్వయర్‌లో పాడతాదంట, తేనె లాంటి గొంతు. తెలుగు ఒక్క ముక్క రాదు. "పరవాలేదక్కా, తమిళ అక్షరాల్లో రాసియ్యండి, పాడేస్తా" అనింది. అది నాకూ మంచిదే. నేను చదివింది తమిళ్ మీడియం. తెలుగు మాట్లాడతాను గానీ రాసేదానికి రాదు. కూర్చొని చకచకా రాసిచ్చినాను:

ఇది మా అడ్డ
నేను తిరుత్తణి బిడ్డ
ఇదే పుట్టిన గడ్డ
మాది ఒకే దెబ్బ

యాళిని పాడతా ఉంటే నేను యాడున్నా? సెంథిల్ పక్కనే! కానీ వింటే గదా! స్క్రీన్ మీద ఆ అమ్మాయి గొంతు గీతలు గీతలుగా పరిగెత్తతా ఉండాది, అచ్చం మా నాయన నేసే చీర జరీ అంచులాగా. నేను దానికే కళ్ళప్పగించేసినాను. "గట్టిగా పాడితే లావవుతుందా? ఆగితే సన్నమవుతుందా? ఊపిరి గూడా కనిపిస్తుందా?" అని సెంథిల్ ప్రాణం తీస్తా ఉండా. ఆయన పాట వింటాడా, నాకు జవాబు చెప్తాడా? "సూపర్ యాళిని! ఒన్ మోర్!" అంటాడు, మళ్ళీ నా వైపు తిరుగుతాడు.

తర్వాత మిక్స్ చేసి వినిపించినాడు, పెద్ద స్పీకర్‌లో ఒకసారి, చిన్నదాంట్లో ఒకసారి, ఫోన్లో ఒకసారి. నాకు ఒళ్ళు పులకరించింది. రాసింది నేనే గదా, ఆ అమ్మాయి ఏం పాడినా నా చెవికి నేను రాసిందే వినిపించింది. ఆ సంగతి అప్పుడు నాకు తెలీదు.

గృహప్రవేశం రోజు. టిఫిన్లు అయినాయి, అందరూ షామియానా కింద చేరినారు. అత్తని మొదటి వరసలో నేనే కూర్చోబెట్టినాను. పాట మొదలైంది. నా రాప్‌కి పిల్లోళ్ళు గెంతినారు. హుక్ వచ్చింది. మా బావ, అంటే అక్క మొగుడు, నవ్వుతా ఉండినోడు టక్కని ఆపేసినాడు. మా అక్క గోడ వైపు చూసింది. పెద్దోళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అబ్బో, కదిలిపోయినారు పాపం అనుకున్నా!

పాట అయినాక అత్త నన్ను దగ్గరికి పిలిచింది. "పాట బాగుండాది హేమా. ఒక్కటే అర్థం కాలేదు. అట్ట ఎందుకే?"

"అట్టా? యాడుండాది అత్తా?"

"ఇది మా అట్ట, ఇది మా అట్ట అని అంతసేపు పాడినారు గదా! మీ బావ ఇల్లు ఇటికరాళ్ళతో కట్టినాడా, అట్టపెట్టెలతో కట్టినాడా?"

మా బావ ఆ ఇంటి కోసం ఎంత అవస్థ పడినాడో ఊరంతా తెలుసు. వెనక నుంచి ఒక తాత అడిగినాడు: "అమ్మాయి, నువ్వు తిరుత్తణి పిట్టవి, సరే. తెప్ప ఓకే అంటా ఉండారే, ఈసారి తెప్పోత్సవం ముందే వస్తా ఉండాదా?"

వంటింట్లోకి దూరి, ఫోన్ చెవికి ఆనించుకొని మళ్ళీ విన్నా. దేవుడా!

ఇది మా అట్ట
నేను తిరుత్తణి పిట్ట
ఇదే పుట్టిన కట్ట
మాది ఓకే తెప్ప

వెంటనే యాళినికి ఫోన్ కొట్టినాను. పాపం, భయపడిపోయింది. "మీరు రాసిందే పాడినానక్కా!" అని నేను రాసిచ్చిన కాగితం ఫోటో పంపింది. చూస్తే నిజమే. తమిళంలో టకీ డకీ ఒకటే అక్షరం. పకీ బకీ ఒకటే. కకీ గకీ, తకీ దకీ అంతే. మాట మొదట్లోనో జంటగానో వస్తే గట్టిగా చదువుతారు. నాకు తెలిసిన మాటలు కాబట్టి నేను 'అడ్డ' అని చదువుకున్నా. తెలీని పిల్ల 'అట్ట' అని చదివింది. తప్పెవరిది? నాదే! 'ఒకే'కి తొందరలో దీర్ఘం పెట్టి 'ఓకే' చేసింది గూడా నేనే. ఆ అమ్మాయి అక్షరం పొల్లు పోకుండా పాడింది.

బావ దగ్గరికి పోయి సారీ చెప్పినాను. ఆయన షామియానా కింద కుర్చీలు మడుస్తానే ఉండినాడు. కడాకి, "సరేలే, మార్చి పాడించు. కానీ ఆ రెండోది మీ అత్త వినాల" అన్నాడు. అంటే ఆయనకీ రోషం వచ్చిందనమాట!

బుధవారం యాళిని మళ్ళీ స్టూడియోకి వచ్చింది. నాకు కౌంటర్ వదిలి పోయేదానికి లేదు, పేషెంట్లు క్యూ కట్టినారు. ఈసారి తెలివిగా ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపించినాను. ఇంగ్లీషులో టీ వేరు, డీ వేరు, పీ వేరు, బీ వేరు. ఇంక తప్పు యాడ జరుగుతుంది?

సాయంత్రం ఫైల్ వచ్చింది. నా ముందర ఇంకా జనం. వినేదేముంది అని నేరుగా ఫ్యామిలీ గ్రూపులో వేసేసినాను. కింద "ఇప్పుడు వినండి మా తెలుగు!" అని గూడా పెట్టినాను.

కాసేపటికి అత్త వాయిస్ మెసేజ్. స్పీకర్‌లోనే నొక్కినాను, వినపడనీ అందరికీ అని.

"హేమా, ఇప్పుడు బ్రహ్మాండంగా ఉండాది. డ డ లాగా, బ బ లాగా పలికింది. ఒక్క తప్పు లేదు. చట్నీ ఏం చేసినారు?"

చట్నీనా?! గబగబా పాట పెట్టినాను. యాళిని ప్రాణం పెట్టి పాడతా ఉండాది, వెనకాల బీట్ దద్దరిల్లతా ఉండాది:

"ఇడ్లీ మా అడ్డ! నేను తిరుత్తణి బిడ్డ!"

క్యూలో అందరూ ఒకటే నవ్వు. యాళినికి పంపిన మెసేజ్ తీసి చూసుకున్నా. నేను 'ఇది' అని కొట్టినాను. నా ఫోన్ దాన్ని స్పెల్లింగ్ తప్పనుకొని, మధ్యలో ఒక ఎల్ పెట్టి, ఇడ్లీ చేసి పంపించింది. యాళినిని అడిగితే ఏమనింది తెలుసా? "పోయినసారి వేరేగా ఉండిందే అనుకున్నానక్కా. గృహప్రవేశం పాట గదా, టిఫిన్ గురించి మార్చినారేమో అని ఇంకొంచెం ఫీల్ పెట్టి పాడినాను."

అదండీ సంగతి. మా తెలుగు పరువు నిలబెడతానని పోయినదాన్ని, ఇడ్లీ పరువు నిలబెట్టి వచ్చినాను!